హక్కుదారులందరికీ వారి వంతు: యౌవన జీవితంలో సమతూకం

మానవ జీవితంలో యౌవనం అత్యంత విలువైన దశ. దేహంలో బలం, బుద్ధిలో చురుకుదనం, హృదయంలో ఆకాంక్ష ఒకేసారి పొంగివచ్చే కాలమది. అందుకే ఈ దశను గురించి ఇస్లాం ప్రత్యేకంగా హెచ్చరించింది. తీర్పుదినాన మనిషిని అతని ఆయుష్షును ఎలా గడిపాడని అడిగిన తర్వాత, ఆ ఆయుష్షులోనే ఒక భాగమైన యౌవనాన్ని గురించి విడిగా మరొకసారి ప్రశ్నించడం జరుగుతుందని తిర్మిజీ హదీసు సంపుటిలో ఉంది. మొత్తానికి లెక్క చెప్పిన తర్వాత కూడా ఒక భాగానికి వేరే లెక్క చెప్పవలసి ఉన్నదంటే, ఆ భాగం విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అయితే నేటి మన యువకుల ముందున్న చిక్కు యౌవనం విలువ తెలియకపోవడం కాదు. దానిని ఎవరికి ఎంత పంచాలన్నదే వారి చిక్కు. ఒకవైపు తల్లిదండ్రులు, బంధువులు, మిత్రులు, ఇరుగుపొరుగు ఉన్నారు. మరొకవైపు తనలో మొలకెత్తుతున్న కళ ఉంది. అది కవిత్వం కావచ్చు, కథ కావచ్చు, చిత్రలేఖనం కావచ్చు, చేతిపనిలో కొత్తదనం కావచ్చు. వీటన్నిటికీ లోపల, నేను పుట్టినందుకు ఏమి సాధించాను అనే నిశ్శబ్దమైన ప్రశ్న ఒకటి ఉంది. ఈ మూడింటికీ న్యాయం చేయడం ఎలా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను దివ్యఖుర్‌ఆన్, హదీసుల వెలుగులోను, మన గోదావరి ప్రాంతపు జీవితానుభవం వెలుగులోను పరిశీలిద్దాం.

పట్టిసీమ చెప్పే పాఠం

రాజమహేంద్రవరానికి ఎగువన, గోదావరి కుడిగట్టున, పోలవరం మండలంలో పట్టిసీమ ఉంది. పాపికొండల ఇరుకు దాటిన గోదావరి ఇక్కడికి వచ్చేసరికి విశాలమై నిదానిస్తుంది. నది నడుమ కొండమీద ప్రాచీన వీరభద్రాలయం, రేవులో పడవలు, ఇసుక తిన్నెలు, ఏటా మహాశివరాత్రికి తిరునాళ్ల జనం. బయటివారికి పట్టిసీమ అంటే ఇంతే. కానీ 2015 నుంచి ఈ పేరుకు మరొక అర్థం చేరింది. ఇక్కడి ఎత్తిపోతల పథకంలోని 24 పంపులు వరద నెలల్లో గోదావరి నీటిని పైకెత్తి పోలవరం కుడి కాలువలో పోస్తాయి. అన్నీ నడిస్తే సుమారు 8,500 క్యూసెక్కులు. ఆ నీరు కాలువ వెంట ప్రయాణించి విజయవాడ ఎగువన కృష్ణలో కలుస్తుంది. లేకుంటే సముద్రంలో కలిసిపోయే నీరు అక్కడ పొలాలకు అందుతుంది.

ఈ నదిలోనే 1986 ఆగస్టులో వచ్చిన వరద గట్లు తెంచి ఊళ్లను ముంచింది. నీరు అదే, నది అదే. హద్దూ దారీ ఉన్నప్పుడు అన్నం పెట్టింది, అవి తప్పినప్పుడు ఇల్లు ముంచింది. యౌవనం కూడా ఒక వరద వంటిదే. దాన్ని ఆపలేము, ఆపకూడదు. వచ్చే నెల వాడుకుందామని అలాగే ఉంచనూ లేము. ఉధృతి ఉన్న రోజుల్లోనే పంపు నడవాలి. ముసలితనానికి ముందు యౌవనాన్ని, అనారోగ్యానికి ముందు ఆరోగ్యాన్ని, తీరికలేనితనానికి ముందు తీరికను సద్వినియోగం చేసుకోమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) చేసిన బోధ భావం ఇదే.

ఇక దిగువన ధవళేశ్వరం చూడండి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి జలాలను తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచింది. సార్వాలో నీటికి కొదవ ఉండదు కనుక పంపకం సమస్య అంతగా కనిపించదు. దాళ్వాలో నీరు తగ్గినప్పుడే అసలు పరీక్ష. అప్పుడు కాలువలకు వంతులు పెడతారు. నేడు ఈ కాలువ, రేపు ఆ కాలువ. ఎగువ రైతు తన వంతు దాటి తూము తెరచి ఉంచితే దిగువ రైతు చేను ఎండుతుంది. ఎగువ రైతు దుర్మార్గుడు కానక్కరలేదు, తన పొలం మీద ప్రేమ ఎక్కువైనవాడు కావచ్చు. అయినా శివారు పొలం ఎండిందన్నది నిజం.

మన కాలం కూడా దాళ్వా నీరు వంటిదే. దినానికి 24 గంటలకు మించి ఎవరికీ రాదు. ఒక మంచి పనికి వంతు దాటి ఇచ్చినా మరొక హక్కుదారు చేను ఎండుతుంది.

సమతూకం అంటే సమాన భాగాలు కాదు

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. సమతూకం అనగానే చాలామంది సమాన భాగాలనుకుంటారు. ఇన్ని గంటలు పనికి, అన్నే గంటలు మిత్రులకు, అన్నే గంటలు కళకు అని గీతలు గీస్తారు. వారం తిరగకముందే ఆ పట్టిక చెదిరిపోతుంది. ఇక తనవల్ల కాదని నిరాశ చెందుతారు.

దివ్యఖుర్‌ఆన్ అర్రహ్మాన్ సూరా ఆరంభంలో ఆకాశాన్ని ఎత్తి నిలిపిన ప్రస్తావన వెంటనే త్రాసు ప్రస్తావన వస్తుంది. తూకంలో మితిమీరవద్దని, తగ్గించవద్దని ఆదేశం ఉంది. త్రాసు పని రెండు పళ్లెరాలలోనూ ఒకే వస్తువును పోయడం కాదు. ఏ వస్తువుకు ఎంత విలువ ఉన్నదో తేల్చడం. ఒకే ఇంట్లో పాలు తాగే బిడ్డకు, పొలం దున్నే తండ్రికి ఒకే కొలత అన్నం పెట్టడం న్యాయం కాదు గదా! ఎవరికి తగినది వారికి ఇవ్వడమే న్యాయం. అల్‌ఖసస్ సూరా 77వ వాక్యంలో కూడా పరలోకాన్ని కోరుకోమన్న ఆదేశం పక్కనే, ఇహలోకంలో నీ వంతును మరువవద్దన్న హెచ్చరిక ఉంది. లోకాన్ని విడిచిపొమ్మని కాని, లోకంలో మునిగిపొమ్మని కాని అక్కడ లేదు. వంతు ఉన్నదని, దానిని గుర్తుంచుకోవాలని మాత్రమే ఉంది.

ఇద్దరు సోదరుల కథ

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన కళ్లకు కట్టిస్తుంది. మదీనాలో దైవప్రవక్త (సల్లం) సల్మాన్ (రజి) గారికి, అబూదర్దా (రజి) గారికి మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకనాడు సల్మాన్ తన సోదరుణ్ణి చూడవచ్చారు. ఇంట్లో ఉమ్మె దర్దా మాసిన దుస్తుల్లో, అలంకరణ ఏమీ లేకుండా కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనేమీ లేదని ఆమె జవాబిచ్చారు.

అబూదర్దా వచ్చి అతిథికి భోజనం పెట్టి, తాను రోజాతో ఉన్నానన్నారు. మీరు తినందే నేను ముట్టనని సల్మాన్ పట్టుబట్టారు. రాత్రయింది. అబూదర్దా నమాజుకు లేవబోతే సల్మాన్ పడుకోమన్నారు. మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తానే లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. తర్వాత సల్మాన్ ఒక మాట చెప్పారు. ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ ప్రాణానికి నీపై హక్కు ఉంది, నీ ఇంటివారికి నీపై హక్కు ఉంది, ప్రతి హక్కుదారుకు అతని హక్కు చెల్లించు అన్నది ఆ మాట భావం. విషయం విన్న దైవప్రవక్త (సల్లం) సల్మాన్ నిజం చెప్పాడని ధ్రువీకరించారు.

ఈ సంఘటనలో సాధారణంగా గమనించని ఒక విషయం ఉంది. అబూదర్దా చేస్తున్నది పాపకార్యం కాదు, ఆరాధన. అయినా అది మరొకరి వంతును మింగివేస్తున్నది. తన జీవితంలో ఏర్పడిన ఆ ఒరుగును ఆయన తనంత తానుగా చూడలేకపోయారు. ఇంటికి వచ్చి, కలిసి భోంచేసి, ఆ రాత్రి అక్కడే ఉన్న ఒక మిత్రుడు చూడగలిగాడు. ఉమ్మె దర్దా దుస్తులను చూసి ఆగి ప్రశ్నించినవాడు అతనే. మంచి స్నేహం మన సమయాన్ని తినివేసే వస్తువని భయపడే యువకులు ఈ కథను రెండుసార్లు చదవాలి.

ఒక యువకుని మితిమీరిన ఉత్సాహం

రెండవ ఉదాహరణ సరిగ్గా యౌవనానికి చెందినదే. అబ్దుల్లా బిన్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) యువ సహచరులు. ప్రతిదినం రోజా, ప్రతిరాత్రి ఖుర్‌ఆన్ పారాయణ పూర్తి చేయడం ఆయన నియమం. తండ్రి ఆయనకు ఒక గౌరవ కుటుంబపు కన్యతో వివాహం చేశారు. కోడలిని కుశలమడిగితే ఆమె భర్తను మెచ్చుకుంటూనే, తన ముఖం చూసే తీరిక అతనికి లేదని మర్యాదగా తెలియజేసింది. తండ్రి ఈ విషయాన్ని దైవప్రవక్త (సల్లం) దృష్టికి తెచ్చారు.

ఆయన (సల్లం) ఆ యువకుణ్ణి పిలిపించారు. శరీరానికి, కళ్లకు, భార్యకు, ఇంటికి వచ్చే అతిథికి కూడా నీపై హక్కు ఉన్నదని బోధించి, నెలకు మూడు రోజాలు చాలునన్నారు. అంతకు మించి చేయగలనని యువకుడు కోరాడు. కొంత పెంచారు. ఇంకా చేయగలనన్నాడు. చివరకు ఒకరోజు రోజా, ఒకరోజు విరామం అనే దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) పద్ధతి దగ్గర ఆపి, దానికి మించినది లేదన్నారు. ఖుర్‌ఆన్ పారాయణకు కూడా ఇలాగే హద్దు పెట్టారు.

ఏళ్లు గడిచాయి. వార్ధక్యంలో అబ్దుల్లా (రజి) ఆ నియమాన్ని నిలబెట్టుకోవడానికి ఎంతో శ్రమపడ్డారు. రాత్రి భారం తగ్గించుకునేందుకు పారాయణలో కొంత భాగాన్ని పగలే ఇంటివారికి వినిపించుకునేవారు. దైవప్రవక్త (సల్లం) ఇచ్చిన వెసులుబాటును ఆనాడే స్వీకరించి ఉంటే బాగుండేదని ఆయనే అన్నారు. ఇరవై ఏళ్ల వయసులో మనం పెట్టుకునే నియమాన్ని అరవై ఏళ్ల వయసులో మోయవలసినవాళ్లం కూడా మనమే. ఈ సత్యం యౌవనంలో ఎవరికీ తోచదు.

ఇదే అబ్దుల్లా బిన్ అమ్ర్ మరొక విధంగా కూడా మనకు ఆదర్శం. దైవప్రవక్త (సల్లం) నోట విన్న మాటలను ఆయన వ్రాసుకునేవారు. ఖురైషుల్లో కొందరు అభ్యంతరం చెప్పగా వ్రాయడం ఆపారు. సంగతి విన్న దైవప్రవక్త (సల్లం) వ్రాయమని ప్రోత్సహించారు. ఆ సంకలనానికి ఆయన అస్సహీఫతుస్సాదిఖా అని పేరు పెట్టుకున్నారు. తనకంటె ఎక్కువ హదీసులు కలిగినవారు అబ్దుల్లా ఒక్కరే, ఆయన వ్రాసుకునేవారు, నేను వ్రాసుకోలేదు అనే భావం అబూహురైరా (రజి) వెలిబుచ్చారు. చూడండి! ఒకే యువకుడు. అతని మితిమీరిన దీక్షకు కళ్లెం వేసిన చేతులే అతని కలానికి ప్రోత్సాహమిచ్చాయి. యువకుని శక్తిని ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో తెలిసిన శిక్షణ అంటే అది.

గంటకొక తీరు కపటం కాదు

కొందరు యువకులను మరొక అనుమానం పీడిస్తుంది. మస్జిదులో ఒకలా ఉంటాను, మిత్రులతో నవ్వుతూ మరొకలా ఉంటాను, నేను కపటినేమో అన్నది ఆ అనుమానం. హంజలా (రజి) అనే సహచరునికి కూడా ఇదే భయం కలిగింది. దైవప్రవక్త (సల్లం) సన్నిధిలో స్వర్గనరకాలను కళ్లారా చూస్తున్నట్లుండి, ఇంటికి పోగానే భార్యాబిడ్డలు, ఆస్తిపాస్తుల వ్యవహారాల్లో మరచిపోతున్నానని ఆయన వాపోయారు. దారిలో విన్న అబూబక్ర్ (రజి) కూడా తన పరిస్థితి అంతేనన్నారు. అన్ని వేళలా ఒకే స్థితిలో ఉంటే దైవదూతలు వీధుల్లో మీతో కరచాలనం చేసి ఉండేవారు, కానీ దీనికొక ఘడియ, దానికొక ఘడియ అనే భావంతో దైవప్రవక్త (సల్లం) ఓదార్చారు. ఇది సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం. ధర్మం గీసిన హద్దుల్లో ఉన్నంతవరకు నవ్వే ఘడియకూ మనిషి జీవితంలో స్థానం ఉంది.

పదిమందిలో జీవితం

ఇక మూడు విషయాలను విడివిడిగా చూద్దాం. మొదటిది సామాజిక జీవితం. జనంతో కలిసిమెలిసి ఉండి వారివల్ల కలిగే ఇబ్బందులను సహించే విశ్వాసి, జనానికి దూరంగా ఉండి ఏ ఇబ్బందీ పడనివానికంటె శ్రేష్ఠుడని హదీసు. కనుక ఏకాంతంలో కూర్చోవడమే భక్తి అని, ఏకాంతంలో కూర్చోవడమే ప్రతిభ అని అనుకోవడం రెండూ పొరపాటే.

మన గోదావరి ఊళ్లలో ముస్లిం కుటుంబాలు చాలాచోట్ల కొద్దిసంఖ్యలోనే ఉంటాయి. పాలుపోసేవాడు, పాఠం చెప్పే మాస్టారు, పడవ నడిపే సరంగు, పక్కింటి పిన్నిగారు ఎక్కువగా ఇతర మతస్థులే. పొరుగువాని హక్కును ఇస్లాం ఎంత గట్టిగా చెప్పిందో, ఆ హక్కుకు మతం షరతు పెట్టలేదని కూడా మనకు తెలుసు. తిరునాళ్ల రోజున పోటెత్తే జనంలో తప్పిపోయిన పిల్లవాణ్ణి తల్లి దగ్గరకు చేర్చడం, వరద రోజున పడవలో మంచినీళ్లు అందించడం మన విశ్వాసానికి లోపం కాదు, దాని ఫలం.

అయితే ప్రతి సాంగత్యమూ సమానం కాదు. మంచి మిత్రుణ్ణి కస్తూరి అమ్మేవానితో, చెడ్డ మిత్రుణ్ణి కొలిమితిత్తి ఊదేవానితో పోల్చిన ప్రసిద్ధ హదీసు ఉంది. మొదటివాని దగ్గర కొనకపోయినా సువాసన అంటుతుంది. రెండవవాని దగ్గర ఏమీ కాకపోయినా పొగ అంటుతుంది. నేడు ఈ పొగ చేతిలోని ఫోనుద్వారా కూడా వస్తున్నది. ముఖం ఎరుగని వేయిమందితో అర్ధరాత్రి వరకు మాట్లాడి, అదే ఇంట్లో మంచమ్మీద ఉన్న నాయనమ్మతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక లేకపోతే, అది సామాజిక జీవితం అనిపించుకోదు. సాంగత్యాన్ని కొలవడానికి ఒక సులభమైన గుర్తు ఉంది. ఆ కూటమి నుంచి లేచి వచ్చిన తర్వాత నమాజు చేయడం తేలికవుతున్నదా, బరువవుతున్నదా? ఇంటివారితో మాట మెత్తబడుతున్నదా, గట్టిపడుతున్నదా? జవాబు ఎవరికి వారికి తెలుస్తుంది.

సృజన శక్తి ఒక అమానతు

రెండవది సృజన. మనలో కొందరు పెద్దలకు కవిత్వమన్నా, కథలన్నా అనుమానం. వారు అష్షుఅరా సూరాలో కవులను గురించి వచ్చిన హెచ్చరికను చూపుతారు. హెచ్చరిక నిజమే. ప్రతి లోయలోనూ దారితప్పి తిరిగేవారిని, చెప్పినదానిని చేయనివారిని అది మందలించింది. కాని ఆ సూరా అక్కడితో ముగియలేదు. విశ్వసించి, సత్కార్యాలు చేసి, అల్లాహ్‌ను స్మరించేవారిని, అన్యాయానికి గురై తమను రక్షించుకున్నవారిని మినహాయించి ముగిసింది. హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవిత్వం చెప్పడానికి మస్జిదె నబవీలోనే వేదిక ఏర్పాటు చేయబడిందని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. వాద్యసంగీతం వంటి కొన్ని కళల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఈ వ్యాసపరిధిలోనిది కాదు. మాటను సత్యానికి అంకితం చేయడంలో మాత్రం భేదం లేదు.

మన గడ్డమీద ఇందుకు గొప్ప నిదర్శనం ఉంది. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా 1885లో జన్మించి 1945లో మరణించారు. తెలుగు, సంస్కృతం, అరబీ, పారశీకం, ఉర్దూ నేర్చారు. పద్యకావ్యాలు, నాటకాలు వ్రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచే తెలుగులోకి తెచ్చారు. పీఠాధిపతిగా శిష్యులకు బోధించారు. మరణించేనాటికి ఢిల్లీ కేంద్ర శాసనసభలో సభ్యులు. ఆయన ఆధ్యాత్మిక సిద్ధాంతాలతో ఏకీభవించనివారు మన పాఠకుల్లో ఉండవచ్చు. కాని ఒక ముస్లిం ఇంటి బిడ్డ తెలుగు పద్యంలో పండితుల మెప్పు పొందగలడని, కలం పట్టినంత మాత్రాన ప్రజాజీవితానికి దూరం కానక్కరలేదని ఆయన జీవితం నిరూపించింది. ఆ తర్వాతి తరాల్లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ (1991), స్కైబాబా సంపాదకత్వంలో జల్‌జలా (1998), ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు (1999) తెలుగు ముస్లిం ఇళ్లలోని బాధను, నవ్వును, వంటింటి మాటను తెలుగు సాహిత్యంలోకి తెచ్చాయి. ఆ పుస్తకాల్లోని ప్రతి అభిప్రాయాన్ని అంగీకరించనక్కరలేదు. మన ఇంటి కథ మనమే చెప్పకపోతే మరొకరు తమకు తోచినట్లు చెబుతారన్న సంగతి మాత్రం గుర్తించాలి.

సృజనకు తీరిక కావాలి కదా అని యువకులు అడుగుతారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1888లో జన్మించారు. 1903లో, పదిహేనేళ్ల ప్రాయంలోనే, లిసానుస్సిద్ఖ్ పత్రిక నడిపారు. 1912లో అల్‌హిలాల్ ప్రారంభించారు. 1942 నుంచి అహ్మద్‌నగర్ కోటలో ఖైదుగా ఉన్నప్పుడు తెల్లవారుజామున లేచి, తానే టీ కాచుకుని, మిత్రునికి పంపే వీలులేని ఉత్తరాలు వ్రాసుకున్నారు. ఆ టీ గురించీ, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించీ వ్రాసిన ఆ ఉత్తరాలే గుబారె ఖాతిర్ అనే ఉర్దూ గ్రంథమయ్యాయి. తెల్లవారుజామున ఒక గంట, ఒక కాగితం, ఒక కలం ఉంటే చాలునని దీని భావం. అల్లాహ్‌కు అన్నిటికంటె ప్రియమైన పని, కొద్దిదైనా విడవకుండా చేసేదేనని హదీసు. నెలకొకసారి రాత్రంతా మేల్కొని వ్రాసి అలసిపోయేవానికంటె, దినానికి పది పంక్తులు వ్రాసేవాడే ఏడాది చివరకు పుస్తకంతో నిలబడతాడు.

ఆడపిల్లల వంతు

సమతూకం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా కుమారులను దృష్టిలో ఉంచుకుంటాం. కాని ఇంట్లో కాలం అందరికంటె తక్కువగా మిగిలేది కుమార్తెకు. తమ్ముడు చదువుకునే వేళ ఆమె అంట్లు తోముతూ ఉంటుంది. అతడు మిత్రులతో రేవుకు పోయిన వేళ ఆమె వంటింట్లో ఉంటుంది. ఆమెలోని కళ పెళ్లినాటికి పాతపెట్టెలో మడతపెట్టిన కుట్టుగుడ్డ అవుతుంది. దైవప్రవక్త (సల్లం) ఇంట్లో ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సహాయపడేవారని, నమాజు వేళకు వెళ్లేవారని ఆయెషా (రజి) చెప్పారు. ఆయన ఇంటిపని చేయడం సున్నత్ అయితే, అన్న గారి కంచం అన్న గారే కడగడం కూడా ఆ మార్గమే గదా! అన్న ఒక అరగంట పని చేస్తే చెల్లెలికి ఒక అరగంట చదువు మిగులుతుంది. ఇంట్లో న్యాయం అక్కడ మొదలవుతుంది.

ఆత్మతృప్తి ఎక్కడ ఉంది?

మూడవది ఆత్మతృప్తి. నేటి కాలం దీనిని చప్పట్లతో కొలుస్తున్నది. ఎంతమంది చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంత జీతం వచ్చింది అన్నదే కొలమానం. చప్పట్లు ఆగగానే మనసు మళ్లీ ఖాళీ అవుతుంది. అర్రఅద్ సూరా 28వ వాక్యం హృదయాలకు నెమ్మది అల్లాహ్ స్మరణలోనే లభిస్తుందని తెలుపుతున్నది. దీని అర్థం పనిని మానమని కాదు. ఏ పని చేసినా దానిని ఎవరి కోసం చేస్తున్నామో సంకల్పంలో స్పష్టం చేసుకోమని. తల్లి మందులకు డబ్బు సంపాదించడానికి మోటారు వైండింగు చేసే యువకుడు, ఆ సంకల్పంతో చేస్తే తృప్తికి దూరంగా లేడు. కర్మలు సంకల్పాలను బట్టే అన్న మొదటి పాఠం ఇక్కడ పనికివస్తుంది.

ఆచరణలో ఎలా?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పట్టిసీమ వంటి ఊళ్లో ఇంటర్మీడియట్ ముగించిన యువకుడు. పగలు పోలవరంలో ఒక దుకాణంలో పని. సాయంత్రం మిత్రులు పిలుస్తారు. రాత్రి కథ వ్రాయాలని ఉంటుంది. చెల్లెలి పెళ్లికి అప్పు ఉంది. తండ్రి కువైట్ వెళ్లమంటున్నాడు. ఇతనికి సమతూకం బోధించడం తేలిక, చూపించడం కష్టం. అయినా కొన్ని మెట్లు సూచించవచ్చు.

మొదటిది, నమాజు వేళలను కాలువ లాకులుగా భావించాలి. లాకు దగ్గర పడవ ఆగుతుంది, నీటిమట్టం సరిచేసుకుని ముందుకు పోతుంది. అయిదుపూటలా మనిషి అలా ఆగితే, ఏ పని వంతు దాటిపోతున్నదో ఆనాడే తెలుస్తుంది. రెండవది, ఫజ్ర్ తర్వాతి సమయాన్ని సృజనకు కేటాయించాలి. రాత్రి ఫోనుకు పోయే గంటను తగ్గిస్తేనే ఈ గంట దొరుకుతుంది. మూడవది, మిత్రులకు వారంలో కొన్ని సాయంత్రాలు నిశ్చయించి, ఆ సాయంత్రాల్లో పూర్తిగా వారితోనే ఉండాలి. సగం మనసుతో రోజూ ఉండడంకంటె అది మేలు. నాల్గవది, హక్కులు ఢీకొన్నప్పుడు వరుస తెలియాలి. విధిగా చేయవలసినవి ముందు, ఇతరులకు మనం బాకీపడ్డవి తర్వాత, మన ఇష్టాలు ఆ తర్వాత. అప్పు తీరేవరకు కథకు వంతు తగ్గవచ్చు. తగ్గించండి, తూము పూర్తిగా మూసివేయకండి. కువైట్ వెళ్లినా ఒక నోటు పుస్తకం పెట్టెలో పెట్టుకోవచ్చు. పరదేశంలోని ఒంటరితనం, అక్కడి మనుషులు, ఇంటికి పంపే ఉత్తరం లేదా ఫోను మాట ఇవన్నీ ఇంకా తెలుగులో సరిగా వ్రాయబడని కథలే.

అయిదవది, ఒక సల్మాన్‌ను వెతుక్కోవాలి. మన ఇంటికి వచ్చి, మనతో తిని, మనలోని ఒరుగును చూసి చెప్పగల మిత్రుడు ఒక్కడైనా ఉండాలి. అలాగే మనం కూడా మరొకరికి సల్మాన్ కావాలి.

పెద్దల బాధ్యత

ఈ బరువంతా యువకుల భుజాలమీదే వేయడం న్యాయం కాదు. అబ్దుల్లా (రజి) గారి తండ్రి తన కుమారుణ్ణి నలుగురిలో అవమానించలేదు. సలహా ఇవ్వగలిగినవారి దగ్గరకు విషయం తీసుకువెళ్లారు. దైవప్రవక్త (సల్లం) కూడా ఆ యువకుని మాట విని, మెట్టుమెట్టుకూ కొంత అంగీకరించి, హద్దు దగ్గర ఆపారు. మన ఇళ్లలో కుమారుని కవితను చూసి ఇది తిండి పెడుతుందా అని అడిగే తండ్రులు ఎక్కువ. ఆ ప్రశ్నలో తప్పులేదు, ఎందుకంటే తిండి కూడా ఒక హక్కే. కాని ఆ కవితను ఒకసారి పూర్తిగా చదివి అడిగితే ఆ ప్రశ్న కుమారునికి శాపంలా కాక సలహాలా వినిపిస్తుంది. మస్జిదు కమిటీలు కూడా అరలో నాలుగు తెలుగు పుస్తకాలు పెట్టి, నెలకొక సాయంత్రం యువకులు తాము వ్రాసినది చదివి వినిపించే ఏర్పాటు చేయవచ్చు. దానికి పెద్ద ఖర్చు లేదు. ఆ ఏర్పాటు ఉన్న ఊళ్లో యువకుడు మస్జిదునూ, మిత్రులనూ, కలాన్నీ మూడు దిక్కులుగా చూడనక్కరలేదు.

ఆనకట్ట కట్టిన తర్వాత గోదావరి గోదావరిగానే ఉంది.  దాని నీరు ఎవరి చేనుకు చేరుతున్నదన్నదే మారింది. యువకుల ఉత్సాహం కూడా అలాగే ఉండాలి, తగ్గకూడదు. ప్రభువు వంతు ప్రభువుకు, ఇంటివారి వంతు ఇంటివారికి, పొరుగువారి వంతు పొరుగువారికి, తనలోని అమానతు వంతు దానికి చేరాలి. చివరి చేను వరకు నీరందించే తెలివిని, ఓపికను అల్లాహ్ మన యువతీయువకులకు ప్రసాదించుగాక! ఆమీన్.